సెసోతో: మాట్లాడితే హాయి, చదివితేనే చికాకు

సెసోతో నేర్చుకోవడం కష్టమా అని ఈమధ్య ఒకరిద్దరు తెలుగువాళ్లు అడిగారు. భాష కష్టం కాదు, దాని రాత కష్టం. ఒకే భాషను, దక్షిణాఫ్రికా మధ్యలో ఉన్న చిన్న దేశం లెసోతో ఒకలా రాస్తుంది, దక్షిణాఫ్రికా ఇంకోలా రాస్తుంది. స్వరం ఎక్కడ పైకి లేవాలి, ఎక్కడ కిందికి దిగాలి అన్నది కొత్తగా నేర్చుకునేవాళ్లకు అన్నిటికంటే అవసరం. అది రెండు రాతల్లోనూ కనిపించదు. కొన్నేళ్లుగా లెసోతో రాజధాని మసేరులో ఉంటూ రోజూ ఈ భాషతోనే పని నడుపుకుంటున్నాను. భాష మీద ప్రేమ ఏటేటా పెరుగుతోంది, ఈ రాత మీద కోపం కూడా అంతే పెరుగుతోంది.

నేను పనిచేసేది థెట్సానె పారిశ్రామికవాడలో, బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో. క్వాలిటీ, స్టోర్స్ రెండూ నేనే చూస్తాను. 2000లో అమెరికా ఆగోవా చట్టం చేశాక ఇక్కడి బట్టలకు అక్కడ సుంకం లేకుండా పోయి, ఇలాంటి ఫ్యాక్టరీలు బాగా పెరిగాయి. మిషన్ల మీద కూర్చునేవాళ్లు దాదాపు అందరూ బసోతో, అంటే సెసోతో మాట్లాడే ఇక్కడి జాతి, ఆడవాళ్లే. ఆఫీసు పనికి ఇంగ్లీషు సరిపోతుంది. కానీ సూది ఎందుకు విరుగుతోందో, ఇవాళ ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరి పిల్లాడికి జ్వరమో తెలియాలంటే సెసోతో రావాలి. నేను నేర్చుకున్నది అందుకే.

ముందు నచ్చిన సంగతులు చెప్తాను, ఎందుకంటే అవి నిజంగా బాగున్నాయి. నామవాచకం ముందున్న చిన్న అక్షరం వాక్యం పొడవునా మళ్లీ మళ్లీ వస్తుంది. పెద్ద పనివాళ్లు వచ్చారు అనాలంటే ‘బాసెబెట్సి బా బాహోలో బా ఫిహ్లిలె’. ఒక్కరే అయితే ‘మొసెబెట్సి ఎ మొహోలో ఓ ఫిహ్లిలె’. వ్యాకరణం పుస్తకంలో పట్టికలు చూస్తే భయమేస్తుంది గానీ, మిషన్ల హోరులో నిలబడి వింటే దాని విలువ తెలుస్తుంది. సగం మాట చప్పుడులో కొట్టుకుపోయినా ఆ ‘బా’ మళ్లీ వచ్చి, మాట్లాడుతున్నది మనుషుల గురించే, ఒకరి కంటే ఎక్కువమంది గురించే అని చెప్పేస్తుంది. ఇంత చప్పుడులో తట్టుకునే భాష నాకు ఇంకోటి తెలియదు.

రెండోది వరసలు. ఇక్కడ పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవరు. మగవాళ్లయితే ‘న్తాతె’, ఆడవాళ్లయితే ‘మ్మె’, కాస్త వయసులో దగ్గరైతే ‘అబూతి’, ‘అవుసి’. మేనమామకు ‘మాలోమె’, మేనత్తకు ‘రాఖాడి’, బాబాయికి ‘రాంగ్వానె’, పిన్నికి ‘మ్మాంగ్వానె’ అని దేనికది వేరు మాట ఉంది. అందర్నీ అంకుల్ ఆంటీల్లో కలిపేసే ఇంగ్లీషు కంటే మన బుర్రకు ఇది చాలా సుళువుగా ఎక్కుతుంది. అయితే వరసలు కలిశాయి కదా అని ఆచారాలు కూడా కలుస్తాయనుకోకూడదు. బాబాయి బిడ్డను పెళ్లాడితే పశువులు మన దొడ్డికే తిరిగొస్తాయని ఇక్కడో పాత సామెత ఉంది. పెళ్లికొడుకు తరఫువాళ్లు పెళ్లికూతురి ఇంటికి పశువులిచ్చే ‘బొహాడి’ ఆచారం నుంచి వచ్చింది. మనకు బాబాయి కూతురు చెల్లెలి వరస! మేనరికం తెలిసినవాణ్ని అయినా మొదటిసారి విన్నప్పుడు కాసేపు నోట మాట రాలేదు.

ఒత్తులు కూడా మనకు లాభమే. ‘తాబా’ అంటే విషయం, ‘థాబా’ అంటే కొండ. ఇంగ్లీషువాళ్లు ఈ తేడా దగ్గర చాలాకాలం తడబడతారు. మనకు అక్షరమే వేరు కాబట్టి మొదటి వారంలోనే చెవికి పట్టుబడుతుంది. ఆ లెక్కన దేశం పేరును కూడా మనం ఒత్తుతో ‘లెసూథు’ అని రాయాలి, కానీ పేపర్లలో స్థిరపడిపోయిన రూపాన్నే ఇక్కడా వాడుతున్నాను. నాలుకను అంగిటికి తాటించి వదిలే, క్యూ అక్షరంతో రాసే శబ్దం గురించి అందరూ టెన్షన్ పడతారు. అది చిన్నపిల్లలు ఆటకు చేసే శబ్దమే, వచ్చేస్తుంది. ‘హ్ల’ అని నేను రాస్తున్న శబ్దానికి మాత్రం తెలుగులో సరైన అక్షరం లేదు. నాలుకను ‘ల’ దగ్గర ఉంచి గాలి వదలాలి.

వచ్చిన కొత్తలో ఈ ఉత్సాహంలోనే మావాళ్లందరికీ చెప్పాను, ఈ భాషలో రాసింది రాసినట్టు చదువుకోవచ్చని. ఆ మాట ఇప్పుడు అనను. మహా అయితే, ఒక దేశం రాతను ఒక్కదాన్నే పట్టుకుంటే చాలావరకు చదువుకోవచ్చు అంటాను.

1833లో ఫ్రాన్స్ నుంచి ప్రొటెస్టెంట్ మిషనరీలు రాజు మొష్వెష్వె దగ్గరికి వచ్చారు. మొరీజా అనే ఊళ్లో స్థిరపడి ఈ భాషను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టారు. వాళ్ల అలవాట్లే లెసోతోలో ఇప్పటికీ నడుస్తున్నాయి. రాజు పేరునే చూడండి, పలికేటప్పుడు ‘ష్వె’ అని స్పష్టంగా వినిపిస్తుంది, రాతలో డబ్ల్యూ ఉండదు, ఓ, ఇ (oe) అక్షరాలు పక్కపక్కన ఉంటాయి. ‘య’ అనాల్సిన చోట ఇ, ఎ (ea) అక్షరాలు. ‘డి’, ‘డు’ అని పలికేచోట ఎల్ అక్షరం. పైన చెప్పిన ‘బొహాడి’ని ఇక్కడ ‘బొహాలి’ అని రాస్తారు. స్కూలు ‘సెకోలో’, స్కూళ్లు పలకడం ‘డికోలో’, రాయడం ‘లికోలో’. నది దాటి దక్షిణాఫ్రికాలోకి వెళ్తే అక్కడ డబ్ల్యూ, వై, డి మామూలుగానే ఉంటాయి. మనిషి ఎదురైతే చేసే మొదటి పలకరింపే ఇటు ఎల్‌తో, అటు డితో మొదలవుతుంది. రెండుచోట్లా పలికేది మాత్రం ‘డుమేలా’ అనే. గొంతులో గీరే ‘ఖ’ని ఇక్కడ కె, హెచ్‌తో రాస్తే అక్కడ కె, జితో రాస్తారు. అక్కడి పుస్తకంలో కె, హెచ్ కనబడితే అది వేరే శబ్దం.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే నెల రోజుల్లో అలవాటవుతాయి. నా కోపం వీటి మీద కాదు, ఒకే ఒక్క అచ్చు మీద. లెసోతోలో ‘నువ్వు’కు యు అక్షరం, ‘అతను, ఆమె’కు ఓ అక్షరం. దక్షిణాఫ్రికాలో రెండింటికీ ఓ. పలకడంలో అచ్చు ఒకటే, స్వరం వేరు. ‘నువ్వు’ అయితే కింది స్వరం, ‘అతను’ అయితే పై స్వరం. రాతలో ఆ స్వరానికి గుర్తు లేదు.

మొన్నటి చలికాలంలో డర్బన్ నుంచి జిప్పులు, బటన్లు వేసుకుని లారీ రావాలి. స్టోర్‌లో సరుకు అడుగంటింది. మసేరు బ్రిడ్జి సరిహద్దు దగ్గర కాగితాల పని చూసే ఏజెంటు దక్షిణాఫ్రికాలోని ఫ్రీ స్టేట్ రాష్ట్రం మనిషి. నేను నేర్చుకుంటున్నానని తెలిసి, నా కోరిక మీదే వాట్సాప్‌లో నాకు సెసోతోలోనే రాస్తాడు. ఒరిజినల్ ఇన్‌వాయిస్‌లు నా దగ్గర ఉన్నాయి, లారీ గేటు దగ్గరికి వచ్చే సమయానికి నేను వాటిని తీసుకుని వెళ్లాలి. మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది: ‘ఓ ఫిహ్లిలె బొరోఖోంగ్’. ప్రశ్న గుర్తు లేదు. సెసోతోలో అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నకు మాటల వరుస మారదు, కాబట్టి గుర్తు లేకపోతే అది ప్రశ్నో, కబురో చూపుకు తెలియదు. నేను రోజూ చదివే లెసోతో రాతలో ఓ అంటే ‘అతను’, ‘నువ్వు’ కాదు. అంటే డ్రైవర్ వంతెన దగ్గరికి చేరాడు, ఇక క్యూలో నిలబడతాడు, వంతు వచ్చేముందు నన్ను పిలుస్తారు. ‘హో లోకిలె’ అని జవాబిచ్చాను, సరే అని.

అతను అడిగింది ‘నువ్వు వంతెన దగ్గరికి వచ్చావా’ అని. వాళ్ల రాతలో అది పూర్తిగా సరైన వాక్యం. నా ‘సరే’ చూసి, నేను అక్కడే ఉన్నాననుకుని గేటు దగ్గర వెతికాడు. తర్వాత చాలాసార్లు ఫోన్ చేశాడు. నేను లైన్ల మధ్య ఉన్నాను, ఆ హోరులో ఫోన్ వినపడదు. చూసుకుని పరిగెత్తేసరికి లారీ వంతు పోయింది. కాగితాల పని మర్నాటికి వాయిదా పడింది. మర్నాడు పొద్దున జిప్పుల్లేక రెండు లైన్లు ఆగాయి. ఆ లైన్లలో ఉన్నవాళ్లను ఇంటికి పంపించారు, ఆ పూట కూలి ఇవ్వలేదు. లారీ ఆలస్యానికి నా జీతంలో పైసా తగ్గలేదు. ఇద్దరం ఎవరి రాత ప్రకారం వాళ్లం సరిగ్గానే చదివి, సరిగ్గానే రాశాం. నష్టం మాత్రం మిషన్ల మీద కూర్చున్న ఆడవాళ్లు మోశారు. రెండు దేశాల రాతల గురించి పండితుల చర్చల్లా మాట్లాడటం నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే.

తర్వాత మా లైన్ సూపర్‌వైజర్‌కు ఆ మెసేజ్ చూపించాను. ఆమెను మ్మె అనే పిలుస్తాను, నాకంటే పెద్దావిడ. చూడగానే అర్థం చేసుకుంది. “న్తాతె, వినండి” అని అదే వాక్యాన్ని రెండుసార్లు పలికింది. మొదటిసారి మొదటి అచ్చు కింద ఉంది, రెండోసారి పైకి లేచింది. అంత స్పష్టమైన తేడా! అప్పటిదాకా నా చెవిలో ఎన్నోసార్లు పడే ఉంటుంది, నేను మాత్రం కాగితం నేర్పింది మాత్రమే వింటూ వచ్చాను.

యు, ఓ తేడా వల్ల లెసోతో రాత మంచిదని వాదించే ఉద్దేశం లేదు. ఈ ఒక్కచోట అది మేలు, అంతే. ‘కె’ అనే మాటకు ఇక్కడా ఒకటే రాత. కింది స్వరంలో అది ‘నేను’, పై స్వరంలో ‘ఇది, ఈయన’. ‘కె ఙాకా’ అని రాసి ఉంటే నేను డాక్టరునా, ఈయన డాక్టరా అన్నది కాగితం చెప్పదు. అచ్చుల సంగతీ అంతే. పలకడానికి తొమ్మిది ఉన్నాయి, రాయడానికి అయిదు అక్షరాలే. పుట్టినప్పటినుంచి ఈ భాష మాట్లాడేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు, నిజమే. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే అచ్చువేసిన పాఠాల్లో కూడా ఒక్క గీత గీయకపోవడాన్ని నేను ఒప్పుకోలేను. నేను కొన్న పుస్తకాల్లో ఒక్కదాంట్లో కూడా స్వరం గుర్తులు లేవు.

నాకు దారి చూపింది రేడియో. పొద్దున వంట చేసుకుంటూ రేడియో లెసోతో, రాత్రి బ్లూమ్‌ఫాంటైన్ నుంచి వచ్చే లెసెడి ఎఫ్ఎం. ఒకటి ఇటుది, ఒకటి అటుది. యాస కాస్త మారుతుంది, అక్కడక్కడా మాటలు మారతాయి, కానీ పుస్తకాల్లో కనిపించిన ఆ పెద్ద గోడ వింటే ఎక్కడా లేదు. వార్తలు చదివేవాళ్లు నిదానంగా, స్పష్టంగా పలుకుతారు కాబట్టి స్వరం పట్టుకోవడం సుళువు. దాంతోపాటు నోట్‌బుక్‌లో ప్రతి మాటనూ తెలుగు లిపిలో రాసుకోవడం మొదలుపెట్టాను. ఒత్తులు లిపే చూసుకుంటుంది. స్కూల్లో పద్యానికి గురులఘువులు గుర్తించినట్టు అక్షరాల మీద స్వరానికి గీతలు పెట్టుకుంటాను. ఏజెంటుతో ఇప్పుడు వాయిస్ మెసేజ్‌లే. అతనికీ అదే తేలిక అయింది.

మొదట్లో అంత మెచ్చుకున్న ‘బా’ ‘మొ’ల గురించి కూడా ఒక మాట. వినడానికి అది చేసే సాయం తగ్గలేదు. మాట్లాడేటప్పుడు మాత్రం, మనుషుల సంగతి దాటి వస్తువుల్లోకి వెళ్తే, ఏ వస్తువుకు ఏ అక్షరం అని జత కుదర్చడానికి ఇప్పటికీ ఒక క్షణం ఆగుతాను. అంకెలు చాలా పొడుగు, పెద్దవైతే మా ఫ్యాక్టరీలో అందరూ ఇంగ్లీషులోనే చెప్పుకుంటారు. అందుకే వాటి మీద నేను ఎక్కువ సమయం పెట్టలేదు.

మీరు నేర్చుకోవాలా అంటే, ఎక్కడుంటారన్న దాన్నిబట్టి చెప్పాలి. మసేరులోనో, మాపుత్స్వెలోనో ఇక్కడివాళ్ల మధ్య పనిచేసేవాళ్లయితే తప్పకుండా మొదలుపెట్టండి, లెసోతో రాతలో ఉన్న పుస్తకాలే కొనండి. అమెరికా పీస్ కోర్ వాళ్లు లెసోతోకు వచ్చే తమ వలంటీర్ల కోసం తయారుచేసిన పాఠాలు ఈ రాతలోనే ఉంటాయి. జోహానెస్‌బర్గ్ ఐటీ ఆఫీసుల్లో ఉన్న మనవాళ్లకు రోజువారీ పనికి ఇంగ్లీషు చాలు. అక్కడి వీధుల్లో సెసోతో జూలూతోనూ, సెత్స్వానాతోనూ కలిసిపోయి వినిపిస్తుంది కాబట్టి మీకు నా అనుభవం అంతగా పనికిరాకపోవచ్చు. నేర్చుకుంటే మాత్రం దక్షిణాఫ్రికా రాతే పట్టుకోండి. రెండూ ఒకేసారి వద్దు. ఎక్కడున్నా, స్వరం పలికి వినిపించే మనిషి ఒకరు దొరికేదాకా పుస్తకానికి డబ్బు పెట్టొద్దు. నాకు మా సూపర్‌వైజర్ మ్మె దొరికింది. ఒంటరిగా యాప్‌లో నేర్చుకునేవాళ్లకు ఇదే సలహా ఎంతవరకు కుదురుతుందో చెప్పలేను. నేనయితే ప్రస్తుతానికి లెసోతో పద్ధతిలో రాస్తున్నాను, రెండూ చదువుతున్నాను, సరుకు సంగతులు మాత్రం ఫోన్‌లోనే మాట్లాడుతున్నాను.