పాత మౌంటెన్ బైక్: బొటనవేలి గేరు లివర్‌తో నాలుగేళ్లు

నా 1991 నాటి క్రోమోలీ స్టీలు మౌంటెన్ బైక్‌లో టైర్లు, సీటు, హ్యాండిల్, బ్రేకులు, వెనక చక్రం అన్నీ మార్చేశాను. మార్చనిది ఒక్కటే, హ్యాండిల్ మీద బొటనవేలితో తిప్పే పాత గేరు లివర్, థంబ్ షిఫ్టర్. ఈ సైకిల్ మీద నాకున్న ప్రేమలో సగం దానిదే.

మొదట్లో దాన్నీ తీసేద్దామనే అనుకున్నాను. ఫ్రేమ్ వెనక వెడల్పు 135 మి.మీ. కావడంతో ఎనిమిది గేర్ల కొత్త చక్రం ఇబ్బంది లేకుండా కూర్చుంది. లివర్‌కి మాత్రం గేరుకొకటి చొప్పున ఏడు క్లిక్కులే. పైగా ఏడు గేర్ల క్యాసెట్‌లో, అంటే వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తిలో, పళ్లచక్రాల మధ్య ఎడం 5 మి.మీ., ఎనిమిది గేర్లదానిలో 4.8. నాలుగైదు గేర్లు మారేసరికి చైన్ కరకరలాడేది. కొత్త షిఫ్టర్ వచ్చేదాకా నడిపిద్దామని, లివర్ మీది చిన్న రింగును క్లిక్కుల్లేని, ఎక్కడ వదిలితే అక్కడే ఆగే ఫ్రిక్షన్ వైపు తిప్పాను. కొత్తది వచ్చింది, ఇప్పటికీ డబ్బాలోనే ఉంది.

ఎందుకంటే, ఒక వానరోజు బురదలో జారి సైకిల్ కుడివైపుకి పడింది. లేచి చూస్తే, చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనక డెరైలర్ నిలువుగా లేదు. దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ వంగి, చువ్వల వైపు ఒరిగిపోయింది. క్లిక్కుల మీదే ఆధారపడి ఉంటే ఆ తర్వాత గేర్లు సరిగ్గా పడేవి కావు. నేను లివర్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, చైన్ చప్పుడు ఆగినచోట వదిలేశాను. పన్నెండు కిలోమీటర్లు అలాగే తొక్కాను. అన్నింటికన్నా పెద్ద పళ్లచక్రం జోలికి మాత్రం పోలేదు. పోయుంటే డెరైలర్ చువ్వల్లో ఇరుక్కుని చక్రమే పాడయ్యేది. స్టీలు ఫ్రేమ్ కాబట్టి హ్యాంగర్‌ని తర్వాత నెమ్మదిగా మళ్లీ తిన్నగా వంచగలిగాను.

ఆ రోజుల్లో ఎవరడిగినా కళ్లు మూసుకుని ఇదే పెట్టుకోమనేవాణ్ణి. ఇప్పుడంత గట్టిగా చెప్పను. ఎత్తు ఎక్కుతూ పెడళ్ల మీద నిలబడ్డప్పుడు, గేరు అరకొరగా పడి ఉంటే చైన్ ఉన్నట్టుండి పక్క చక్రానికి దూకుతుంది. రెండుసార్లు మోకాలు హ్యాండిల్‌కి తగిలి వాచింది. లివర్ మధ్యలోని స్క్రూ వదులైతే డెరైలర్ స్ప్రింగ్ లాగుడుకి గేరు దానంతటదే బరువెక్కిపోతుంది. అందుకే నెలకోసారి బిగిస్తున్నాను. గతుకుల్లో దిగేటప్పుడు గేరు మార్చడం పూర్తిగా మానేశాను, బొటనవేలు పైకి తెస్తే హ్యాండిల్ మీద పట్టు సడలుతోంది.

నేను ఒక్కణ్ణే, తొందర లేకుండా, ఎక్కువగా చదునైన మట్టిదారుల్లో తొక్కుతాను. నాకిది సరిపోయింది. రోజూ గుట్టలెక్కేవాళ్లకి హ్యాండిల్ కింద వేలితో నొక్కే, క్లిక్కులుండే ట్రిగ్గర్ షిఫ్టరే మేలేమో. మోకాళ్లు మొరాయించే రోజొస్తే నేనూ బిగించుకుందామని, ఆ డబ్బాని ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టుకున్నాను.