తేమకు ఏది మేలు: రేగడా, చెల్కా, ఇసుకా?

రేగడి, అంటే నల్ల బంకమట్టి నేల, ఉన్నవాడికి తేమ బెంగ లేదంటారు. లెక్క చూస్తే నిజమే అనిపిస్తుంది. నేల బాగా నాని, ఎక్కువైన నీరు కిందికి దిగిపోయాక, మీటరు లోతులో పైరుకు అందే నీరు బంకమట్టిలో సుమారు 200 మి.మీ., ఇసుక, బంకమట్టి కలగలిసిన గరప నేలలో 140, ఇసుకలో 60. చాలావరకు రేణువు సైజును బట్టే. బంకమట్టి రేణువు 0.002 మి.మీ. కన్నా చిన్నది, ఇసుక రేణువు 2 మి.మీ. దాకా ఉంటుంది. రేణువు చిన్నదైన కొద్దీ నీరు అంటుకునే చోటు ఎక్కువ. కర్నూలు, ప్రకాశం రేగళ్లలో అక్టోబరు, నవంబరులో శనగ విత్తి, ఆపైన వాన పడకపోయినా ఉన్న పదునుతోనే పంట తీస్తారు. ఇసుకలో అది అయ్యే పని కాదు.

అయితే రేగడి పిసినారి. దాచినదంతా పైరుకు ఇవ్వదు. మొక్క వాడిపోయాక కూడా వేరు దగ్గరి మట్టిని చేత్తో నలిపితే తడి తగులుతుంది. ఆ నీటిని వేళ్లు లాగలేవు. ఇసుక దాచేది కొంచెమే అయినా అందులో ఎక్కువ పాలు ఇచ్చేస్తుంది.

అసలు తేడా చిన్న వానల్లో తెలుస్తుంది. ఎండిన నేల మీద 10 మి.మీ. జల్లు పడిందనుకోండి. రేగడిలో పై రెండంగుళాలు తడుస్తుంది, ఎండ కాస్తే ఆవిరైపోతుంది. ఇసుకలో అదే నీరు అరడుగు దిగుతుంది. పైపొర త్వరగా ఎండిపోవడంతో కింది తడి అంత తొందరగా పోదు. రేగడికి నెర్రెల (నేల పగుళ్ల) బాధ కూడా ఉంది. నెర్రె పడితే లోతు తేమా పోతుంది, పైమట్టిని కదిలించే గుంటక తోలి పూడ్చాల్సిందే.

బాపట్ల, చీరాల తీరంలో ఇసుక చేసే పని ఇంకోటి. తాను పట్టుకోని వాన నీటిని కిందికి వదిలేస్తుంది. ఆ మంచినీరు అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. లోతు తక్కువగా దొరువు (నీటి గుంట) తవ్వి, ఆ నీటితోనే కూరగాయలు పండిస్తారు.

ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేల, అంటే ఎర్ర చెల్క, మధ్యరకం. తొందరగా ఇంకుతుంది, తొందరగానే బెట్టకొస్తుంది. బోరు, డ్రిప్ ఉంటే నా ఓటు చెల్కకే. వాన మీదే ఆధారమై, నాలుగు పెద్ద వానలు కురిసి ఆగిపోయే చోట మాత్రం రేగడిని మించింది లేదు. చెల్క రైతు చెరువు మట్టి తోలుకుంటే తేమ నిలవని లోటు కొంతవరకు తీరుతుంది. తెలంగాణలో 2015లో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక తీసిన పూడికను చాలామంది అలాగే పొలాలకు తరలించారు. దీన్ని తిరగేసి రేగడిలో నాలుగు బండ్ల ఇసుక కలిపితే గుల్లబారుతుందనుకోవడం మాత్రం దండగ. ఆ ఖర్చు పశువుల ఎరువుకు పెట్టండి, ఏ నేలకైనా పనికొస్తుంది.