మూన్‌లైట్ సొనాటా నేర్పిస్తామంటూ అమ్మే కీబోర్డు: తిరుపతి, చిత్తూరు వారికి హెచ్చరిక

తిరుపతిలో ఒక వాద్యాల దుకాణం రూ.18,500కి కీబోర్డు, దానితోపాటు మూడు నెలల శిక్షణ అమ్ముతోంది. చివరికి మూన్‌లైట్ సొనాటా అనే ప్రసిద్ధ పియానో రచనను వాయించగలుగుతారని హామీ. డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి.

నేనూ అక్కడే కొన్నాను. జర్మన్ స్వరకర్త బీతోవెన్ రాసిన ఆ సొనాటాలో మొదటి భాగాన్ని ఉన్నది ఉన్నట్టు నేర్చుకోవాలని దుకాణంవారికి ముందే స్పష్టంగా చెప్పాను. "61 కీలు చాలు సార్, బీతోవెన్ పియానోకూ అన్నే ఉండేవి" అన్నారు. ఇందులో సగం నిజం ఉంది, అందుకే నమ్మబుద్ధవుతుంది. ఆ సొనాటా రాసిన 1801 నాటికి ఐదు ఆక్టేవ్‌ల (స్థాయిల), అంటే 61 కీల పియానోలే ఎక్కువ. కానీ వాటి మంద్రస్థాయి ఎఫ్ దాకా దిగేది. ఇప్పటి 61 కీల కీబోర్డు ఎడమ చివర, ఆ ఎఫ్ కన్నా పైనున్న సి దగ్గరే ఆగిపోతుంది. మొదటి బారులో (బారు అంటే తాళం ఆవర్తం లాంటి చిన్న విభాగం) ఎడమచేతికి రెండు సి షార్ప్‌లు (సి పక్కనున్న నల్ల కీలు) కావాలి, దొరుకుతాయి. రెండో బారులో రెండు బి స్వరాలు. కింది బి అసలు లేదు, చిటికెనవేలు ప్లాస్టిక్ అంచు మీద పడుతుంది!

నన్ను అంతకన్నా బాధపెట్టింది టచ్, అంటే వేలి ఒత్తిడికి కీ స్పందించే తీరు. అయిదో బారు చివర కుడిచేతి చిటికెనవేలు జి షార్ప్ మీద రాగం ఎత్తుకుంటుంది. అదే చేతిలో మిగతా వేళ్లు మూడేసి స్వరాల అల్లికను ఆపకుండా నడపాలి. అంతా చాలా మెల్లగా సాగుతూనే పైనున్న రాగం విడిగా వినిపించాలి. ఈ రచనకు ప్రాణం అదే. ఆ కీబోర్డు మీద మెల్లగా తాకినా గట్టిగా నొక్కినా ఒకటే శబ్దం. పెడల్ తగిలించే సాకెట్ కూడా లేదు. డ్యాంపర్లు (తీగల నాదాన్ని ఆపే మెత్తలు, పెడల్ తొక్కితే పైకి లేస్తాయి) ఎత్తి ఉంచి వాయించమని బీతోవెన్ స్వయంగా సూచించిన భాగమిది. నేటి పియానోల్లో నాదం ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి హార్మనీ (కలిసి మోగే స్వరాల సమూహం) మారినప్పుడల్లా పెడల్ వదిలి తొక్కాలి. అందుకైనా పెడల్ ఉండాలి కదా.

శిక్షణలో ఇచ్చిన నోట్స్‌లో అసలు రచనలోని సి షార్ప్ మైనర్ శ్రుతి కాస్తా సులువైన ఏ మైనర్ అయింది, ఎడమచేతి జంట స్వరాలు ఒంటి స్వరాలయ్యాయి. పైన పేరు మాత్రం అదే. కొత్తవారికి సులభ రూపం ఇవ్వడం తప్పు కాదు, చెప్పకుండా ఇవ్వడం మోసం.

తిరిగి తీసుకోమంటే పెట్టె తెరిచారు కదా అన్నారు. బిల్లులో మోడల్ సంఖ్య లేదు, శిక్షణ ఊసే లేదు.

ఈ రచన కోసమే కొనేవారు 88 కీలు, హ్యామర్ యాక్షన్ (అసలు పియానోలా బరువుగా కదిలే కీలు) ఉన్న డిజిటల్ పియానో అడగండి. ఒకే కీని మెల్లగా, గట్టిగా నొక్కి తేడా వినండి. పెడల్ తగిలించి చూపించమనండి. ఇచ్చిన ప్రతి హామీనీ బిల్లు మీద రాయించుకోండి. ఇక్కడ దొరకకపోతే చెన్నై వెళ్లి చూసి రావడం మేలు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు కేసులకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఇదే దుకాణంలో ఇలాగే కొన్నవారు బిల్లు, ఆ నోట్స్ కాగితాలు పారేయకుండా నాకు చెప్పండి, కలిసి ఫిర్యాదు వేద్దాం.