252 సెంటీమీటర్ల పాత జంపింగ్ స్కీలు: ఆరు చలికాలాల తర్వాత

మేము ఫిన్లాండ్‌లోని లహ్తిలో ఉంటాం. మా అమ్మాయి ఎనిమిదో ఏట ఇక్కడి పిల్లల క్లబ్బులో స్కీ జంపింగ్‌కి చేరింది, అంటే స్కీలతో మంచు కొండ మీద జారుతూ వచ్చి అంచు నుంచి గాలిలోకి దూకే ఆట. నేను థర్మాస్ పట్టుకుని కొండ కింద వణుకుతూ నిలబడేవాణ్ణి. పిల్లలకు నేర్పే పెద్దాయన ఒకరోజు దగ్గరికి వచ్చి, "నిలబడితే ఇంకా చలేస్తుంది, నువ్వూ దూకు" అన్నారు. అప్పటికి నాకు 39 ఏళ్లు. ఆయన 1980ల చివర్లో ఫిన్లాండ్ జాతీయ జట్టులో దూకిన మనిషి. మామూలు స్కీలతో అన్నిటికన్నా చిన్న కొండ మీద రెండేళ్లు పడుతూ లేస్తూ గడిపాక, తన పాత జంపింగ్ స్కీలు వంద యూరోలకు నాకిచ్చారు. అప్పటి నుంచీ వాటినే వాడుతున్నాను. ఇక్కడున్న మనవాళ్లు ఒకరిద్దరు పాతవి కొనాలా, కొత్తవా అని అడిగారు కాబట్టి ఇది రాస్తున్నాను.

పొడవు 252 సెంటీమీటర్లు. ఆ రోజుల్లో మనిషి ఎత్తుకు 80 సెంటీమీటర్లు కలిపినంత పొడవు దాకా వాడొచ్చు. ఆయన ఎత్తు 172. ఇప్పటి నియమం ఎత్తులో 145 శాతం, అంటే 165 ఉన్న నాకు 239 దాటకూడదు. బరువు మరీ తక్కువుంటే ఇంకా కురచవి వాడాలి. నేను పోటీలకు వెళ్లను కాబట్టి ఆ 13 సెంటీమీటర్లు ఎక్కువైనా అడిగేవాళ్లు లేరు. కారు మీద రాక్ లేకపోతే మాత్రం వీటిని మోసుకెళ్లడం చాలా కష్టం.

జారుబాటలో ఇవి బ్రహ్మాండం. గాడిలో పెట్టి వదిలితే రైలు పట్టాల మీద వెళ్లినట్టు వెళ్తాయి, కాళ్ల కింద వణుకే ఉండదు. కష్టమంతా దూకాకే. ఇంత పొడవు స్కీ గాలిని బాగా పట్టుకుంటుంది. ఒళ్లు కొంచెం వెనక్కి వాలినా స్కీ ముక్కు మొహం మీదికి లేస్తుంది. మొదటి చలికాలమంతా నా బాధ అదే. భయపడితే ఎవరైనా వెనక్కే వాలతారు, ఇక్కడ ముందుకు వాలితేనే క్షేమం. అది తలకు ఎక్కినంత త్వరగా ఒంటికి ఎక్కలేదు. కింద ఆగడం కూడా నేర్చుకోవాల్సిందే. జంపింగ్ స్కీలకు ఉక్కు అంచులుండవు, గట్టిపడిన మంచు మీద పక్కకు జారిపోతాయి.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటు చెప్తాను. బూటు ముందు భాగం మాత్రమే స్కీకి బిగించి ఉంటుంది, మడమ పైకి లేస్తుంది. మడమ నుంచి స్కీకి ఒక తాడు ఉంటుంది, గాలిలో స్కీ మడమకు మరీ దూరం పోయి అదుపు తప్పకుండా ఆపేది అదే. మూడో ఏడాది సీజన్ ముందు ఒక దుకాణంలో చూపిస్తే తాడు బాగానే ఉందన్నారు. జనవరిలో దూకే అంచు దాటగానే తెగింది. భుజం మీద పడ్డాను, ఆరు వారాలు ఆ చెయ్యి ఎత్తలేకపోయాను. తాడు ఎలా కనిపించినా సరే, ఏటా మార్చేయండి. స్కీల అడుగు భాగం కూడా పాతబడి ఎండిపోయింది, ప్రతి వారం ఇస్త్రీపెట్టెతో మైనం కరిగించి పట్టించాలి.

ఆ మైనం పట్టించేటప్పుడే స్కీల తోకల దగ్గర, లోపలి అంచుల మీద గీతలు గమనించాను. రెండింటి మీదా ఎదురెదురుగా ఉన్నాయి. ఎక్కడో రాయికి తగిలాయేమో అనుకుని అడిగాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ ఆటగాడు మట్టి న్యుకానెన్ మూడు స్వర్ణాలు గెలిచింది స్కీలు రెండూ సమాంతరంగా ఉంచే పద్ధతిలోనే. ఆ మరుసటి సీజన్లో స్వీడన్ ఆటగాడు యాన్ బోక్లవ్ గాలిలో స్కీల ముక్కులు విడదీసి, వి ఆకారంలో ఎగిరి ప్రపంచ కప్ గెలిచాడు. న్యాయనిర్ణేతలు అతనికి శైలి మార్కులు కోసేవాళ్లు, అయినా దూరంతో నెగ్గుకొచ్చాడు. వి ఆకారంలో గాలి ఎక్కువ మోస్తుంది మరి. "మా జట్టుకు అదంతా ఎందుకు అనుకున్నాను" అన్నారు పెద్దాయన. 1992 అల్బర్‌విల్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో వి పద్ధతిలో పెద్ద కొండ పోటీ స్వర్ణం గెలిచిన ఫిన్లాండ్ కుర్రాడు టోనీ నియమినెన్ వయసు 16. దానికి ముందు చలికాలం ఈయనకు 26. విడదీయడం ఆలస్యమైనప్పుడల్లా తోకలు ఒకదానికొకటి కొట్టుకునేవట. ఆ గీతలు అవే. "స్కీలు కలిపి ఉంచమని కాళ్లకు పన్నెండేళ్లు నేర్పాను. విడదీయమంటే వినలేదు" అన్నారు. తర్వాతి సీజన్ జట్టులో ఆయన పేరు లేదు.

ఆ రోజుల గురించి తనంతట తాను ఎప్పుడూ చెప్పరు. మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు పప్పన్నంలో నెయ్యి రెండోసారి వేయించుకుంటూ, జట్టులో ఉన్నన్నాళ్లూ ఆకలి మర్చిపోలేదన్నారు. తేలికగా ఉంటే దూరం పోతామని కడుపు మాడ్చుకునేవాళ్లట. మా అమ్మాయికి మాత్రం శిక్షణ అయ్యాక ఏదో ఒకటి తిననిదే ఇంటికి పంపరు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. ఆ రోజుల్లో దేన్ని తలుచుకుంటారని అడిగితే, పతకాల గురించి కాదు, పైన అడ్డకర్ర మీద కూర్చుని ఎదురు చూడడం గురించి చెప్పారు. గాలి సరిగ్గా ఉన్నప్పుడు కోచ్ జెండా కిందికి ఊపుతాడు, కర్ర వదిలేయడమే. "తర్వాత 'ఇక వెళ్లు' అని నాకెవరూ అంత స్పష్టంగా చెప్పలేదు."

ఇరవై మీటర్ల దూరం దూకే కొండ దాకా అయితే పాత స్కీలే కొనండి, డబ్బు దండగ కాదు. అంతకు మించితే కొత్తవే తీసుకోవాలి. నన్ను కూడా ఆయన వీటితో అంతకన్నా పెద్ద కొండ ఎక్కనివ్వరు. మా అమ్మాయి నన్ను దాటేసి ఎప్పుడో పైకి వెళ్లిపోయింది, తనవి కొత్త స్కీలు.

మొన్న అక్టోబరులో నా ఒంటికి తగ్గట్టు బూటు బిగింపును రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిపాం. పాత మరల కన్నాల్లో ఆయన చెక్కపుల్లలు దిగ్గొట్టి జిగురు పోశారు. ఆరాక నేను ఎమరీ కాగితంతో నున్నగా రుద్దుకుంటూ వెనక్కి వచ్చాను. తోకల దాకా రాగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"అక్కడ వద్దు" అన్నారు.