వారాంతానికి సముద్రం: సూర్యలంకా, వాడరేవా, రామాపురమా?

విజయవాడ, గుంటూరు వాళ్లు ‘సముద్రానికి పోదాం’ అంటే సగం మంది నోట వచ్చే పేరు సూర్యలంకే. హైదరాబాద్ నుంచి రాత్రి బండెక్కి వచ్చేవాళ్లూ ఎక్కువగా అక్కడికే చేరతారు. కానీ ఆ తీరం వెంట ఇంకాస్త కిందికి దిగితే చీరాల పక్కన వాడరేవు, దాన్ని ఆనుకుని రామాపురం ఉన్నాయి. బాపట్లకీ చీరాలకీ మధ్య దూరం పదిహేను కిలోమీటర్లు మాత్రమే, 216 జాతీయ రహదారి మీద అరగంటలో దాటేయొచ్చు. ఒకప్పుడు బాపట్ల గుంటూరు జిల్లాలో, చీరాల ప్రకాశం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ నుంచి రెండూ బాపట్ల జిల్లాలోనే. కాబట్టి దూరం లెక్క పక్కన పెట్టి, ఉన్న ఒకటి రెండు రోజులు ఎలా గడపాలనుకుంటున్నారో చూసుకోండి.

ఒక్కరోజులో వెళ్లి వచ్చేయాలంటే సూర్యలంకే నయం. బాపట్ల ఊళ్లోంచి తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. ఇసుక తీరం విశాలంగా ఉంటుంది, పిల్లలు ఎంత పరుగెత్తినా అడ్డు తగిలేది ఉండదు. టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఒడ్డునే ఉంది. పెద్దవాళ్లు వెంట ఉంటే బాపట్లలో భావనారాయణ స్వామి గుడి కూడా చూసుకుని రావచ్చు. ఇబ్బందల్లా ఆదివారాలతోనే. కాలేజీ కుర్రాళ్లు, పెద్ద స్పీకర్లు, మొక్కజొన్న పొత్తుల బండ్లు, పార్కింగ్ కోసం హారన్లు. కార్తీక పౌర్ణమి స్నానాలకైతే ఇసుక కనపడనంత జనం వస్తారు. ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు శని, ఆదివారాల సాయంత్రం అక్కడ దిగితే ఉసూరుమంటూ తిరిగి రావాల్సిందే.

నన్నడిగితే రెండు రోజులు చేతిలో ఉన్నప్పుడు చీరాలలో దిగడమే మేలు. వాడరేవు మత్స్యకారుల ఊరు. పొద్దున్నే వెళ్లి చూడండి. ఫైబర్ బోట్లు ఒడ్డుకు రాగానే నలుగురైదుగురు భుజాలు ఆనించి ఇసుక మీదికి నెడతారు. వల ఇంకా పూర్తిగా దులపకముందే ఆడవాళ్లు చుట్టూ మూగుతారు. కానాగంతలు ఒక కుప్ప, నెత్తళ్లు ఒక కుప్ప, పీతలు విడిగా ఒక తట్టలో. వేలం పాట మొదలైందంటే కుప్ప చేతులు మారడానికి నిమిషం పట్టదు. కొత్తవాళ్లు మధ్యలో దూరకుండా పక్కన నిలబడి, పాట అయ్యాక కొన్నవాళ్ల దగ్గర అడిగితే కిలో రెండు కిలోలు ఇస్తారు. దిగిన లాడ్జిలో వండిపెడతారో లేదో ముందురోజే కనుక్కోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం కాబట్టి ఈ సందడి కోసం ఆ రెండు నెలల్లో వెళ్లకండి.

సముద్రం చూసి విసుగొచ్చినా చీరాల దగ్గర పొద్దుపోతుంది, సూర్యలంక మీద దీనికున్న అసలైన పైచేయి ఇదే. ఊళ్లో బట్టల మార్కెట్ ఉంది. పేరాల, జాండ్రపేట వీధుల్లో మగ్గాల చప్పుడు ఇంకా వినిపిస్తుంది. నేతన్నల దగ్గరే కుప్పడం చీర కొనుక్కోవచ్చు. పక్కనే వేటపాలెం. అక్కడి సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం, పాత తెలుగు పత్రికలకు పెట్టింది పేరు. గాంధీజీ చేతికర్ర కూడా అక్కడ భద్రంగా ఉంది. తిరిగొచ్చేటప్పుడు జీడిపప్పు తెచ్చుకోవడం మరిచిపోవద్దు. ఓపికుంటే చినగంజాం వైపు మోటుపల్లి దాకా వెళ్లండి. కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించిన రేవు అది. అంతకుముందు రాజులు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారట. తాను సుంకం మాత్రమే తీసుకుంటాననీ, మిగతాదంతా వర్తకులదేననీ ఆయన మాటిచ్చాడు. ఇంత చరిత్ర ఉన్న చోట ఈరోజు పలకరించేవాళ్లు తక్కువ, ఆ సంగతి నాకు బాధగా ఉంటుంది.

రామాపురం సంగతి వేరే. అక్కడ ప్రైవేటు రిసార్టులున్నాయి. డబ్బు కాస్త ఎక్కువైనా గదిలోంచి నాలుగడుగులు వేస్తే ఇసుక. చంటిపిల్లలున్న కుటుంబాలకీ, ఎక్కడికీ కదలకుండా నిద్రపోవాలనుకునేవాళ్లకీ సరిపోతుంది. బడ్జెట్ చూసుకునేవాళ్లు చీరాలలో గది తీసుకుని ఆటోలో తిరగడమే నయం.

ఈ మూడు చోట్లా గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పైకి నెమ్మదిగా కనిపించినా ఈ సముద్రం లోపలికి లాగుతుంది. మోకాళ్ల లోతులో నిలబడి చూడండి, కెరటం వెనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక ఎంత వేగంగా జారిపోతుందో. ప్రతి ఏడూ ఇక్కడ కుర్రాళ్లు మునిగిపోతున్నారు, వరుస ప్రమాదాల తర్వాత పోలీసులు తీరంలోకి ఎవర్నీ రానివ్వని రోజులూ ఉన్నాయి. ఎక్కడ గుంటలున్నాయో ఒడ్డున వల బాగుచేసుకునే మనిషిని అడగండి, చెప్తాడు. తాగి నీళ్లలో దిగేవాళ్లు మీ జట్టులో ఉంటే బీచ్ ప్లాన్ మానుకోండి.

డిసెంబర్ రెండోవారం దాటాక, ఫిబ్రవరి చివరిలోపు వెళ్తే బాగుంటుంది. నవంబర్‌లో, డిసెంబర్ మొదట్లో తుపాన్ల టెన్షన్ ఉంటుంది. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. విజయవాడ నుంచి శనివారం పొద్దున రైలెక్కితే నేరుగా చీరాలలో దిగండి. ఆదివారం తెల్లవారుజామున వాడరేవు పాట చూసి, టిఫిన్ చేసి, వేటపాలెం వెళ్లి రండి. అంతా అయ్యాక కూడా సూర్యలంక చూడాలనిపిస్తే, జనం చేరకముందే వెళ్లి వచ్చేలా సోమవారం పొద్దున పెట్టుకోండి, ఒక్కరోజు సెలవు దొరికితే.