పద్మినిలో బ్రేక్ పెడల్ మెత్తబడితే: పంతొమ్మిదేళ్ళు నడిపాక రాస్తున్నది

మా నాన్న 1979లో కొన్న ప్రీమియర్ పద్మిని 2006లో నా చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో ఇదొక్కటే కారు. రోజూ నెల్లూరులో వేదాయపాళెం నుంచి ట్రంకు రోడ్డులోని మా షాపుకు, నెలకు రెండుసార్లు మైపాడు వైపు బావమరిది రొయ్యల గుంటల దాకా, పండగలకు ఒంగోలులో అక్క వాళ్ళింటికి దీంట్లోనే. 1089 సీసీ ఇంజను ఎలా ఉంది, స్టీరింగ్ పక్కనుండే గేరు కష్టమా అని చాలామంది అడుగుతుంటారు. వాటితో నాకు పెద్ద ఇబ్బంది రాలేదు. నన్ను ఎక్కువ కష్టపెట్టింది, ఎక్కువ నేర్పింది కూడా బ్రేక్ పెడలే. అందుకే ఈ సమీక్ష అంతా దాని గురించే.

నా బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. అంటే చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపలి గోడకు, వంపు తిరిగిన ఇనుప షూలు ఒత్తుకుని బండిని ఆపుతాయి. కాలి బలానికి తోడు ఇచ్చే బూస్టర్ లేదు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చేది ఒకటే లైను, అదే నాలుగు చక్రాలకూ చీలుతుంది. ఎక్కడ ఒక్కచోట లీకైనా నాలుగు బ్రేకులూ పోతాయి, ఇక హ్యాండ్‌బ్రేకే దిక్కు. ఈ కాలం కార్లలో రెండు సర్క్యూట్లుంటాయి కాబట్టి ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది. పాత పద్మిని కొనాలనుకునే వాళ్ళు ఈ సంగతి తెలిసే కొనాలి. బూస్టర్ లేకపోవడం వల్ల ఒక మేలు కూడా ఉంది. డ్రమ్ములో జరిగేది నేరుగా పాదానికి తెలుస్తుంది. కాస్త అలవాటైతే ఏ చక్రం దగ్గర తేడా ఉందో చెప్పలేం కానీ, ఏ రకం తేడానో పెడలే చెబుతుంది.

"పెడల్ మెత్తగా పోతోంది" అనగానే ఏ షెడ్డులోనైనా ముందు వినిపించే మాట "గాలి పట్టింది సార్, ఎయిర్ తీసేద్దాం" అని. ఆయిల్ పైపుల్లో చేరిన గాలిని బయటికి వదలడమే ఎయిర్ తీయడం. చాలా ఏళ్ళు నేనూ అదే నమ్మాను. మెత్తగా ఉండటం అంటే అన్నిసార్లూ ఒకటే జబ్బు కాదని తెలిసేసరికి ఎన్నో డబ్బాల బ్రేక్ ఆయిల్ వృథా అయింది.

పెడల్ సగం దాకా ఊరికే పోయి, వెంటవెంటనే రెండుసార్లు తొక్కితే పైకొచ్చి రాయిలా నిలిస్తే అది గాలి కాదు. షూలు అరిగి డ్రమ్ముకు దూరమయ్యాయి. జాకీ ఎత్తి, చక్రం చేత్తో తిప్పుతూ వెనక ప్లేటు మీదున్న అడ్జస్టర్‌ను బిగిస్తూ పోవాలి. చక్రం పట్టేసినట్టయ్యాక కొంచెం వెనక్కి వదలాలి. షూ ఎక్కడో సన్నగా రాసుకునే చప్పుడు ఉండీ లేనట్టుంటే చాలు. పైసా ఖర్చు లేని పని. నాలుగు చక్రాలూ సరిచేయకుండా ఎయిర్ తీయడం మొదలుపెట్టొద్దని నేను అందరికీ చెబుతాను.

తొక్కితే పైకొచ్చి కూడా దిండు మీద కాలు పెట్టినట్టు అణుగుతూ ఉంటే అప్పుడు గాలిని అనుమానించాలి. ఉబ్బుతున్న పాత రబ్బరు హోస్ పైపుల వల్ల కూడా ఇలాగే ఉంటుంది. ఇంకో కారణం ఉంది, దాన్ని విడిగా చెబుతాను.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. పెడల్ గట్టిగానే ఉంటుంది, కానీ పాదం అలాగే ఉంచితే మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంది. 2011లో ఒంగోలు చర్చి సెంటర్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు నాకది మొదటిసారి తెలిసింది. బండి ఆగే ఉంది, పాదం మాత్రం నిమిషంలో ఫ్లోరు దగ్గరకు చేరింది. ఆయిల్ ఎక్కడా కారలేదు, డబ్బాలో మట్టం తగ్గలేదు. మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు వాషర్ అరిగి, ఆయిల్ దాని పక్కనుంచి వెనక్కి జారిపోతోంది. ఇందులో మోసం ఏమిటంటే గట్టిగా తొక్కితే వాషర్ అంచు గోడకు అదుముకుని పెడల్ నిలబడుతుంది, తేలిగ్గా నొక్కి ఉంచితేనే జారుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే మేస్త్రి గట్టిగా తొక్కి చూసి "బాగానే ఉందే" అంటాడు. అప్పుడు వాషర్ల కిట్ మార్పించాను, ఎనిమిది నెలల్లో మళ్ళీ అదే కథ. రెండోసారి విప్పినప్పుడు సిలిండర్ లోపల చిటికెన వేలి గోరుతో రాసి చూశాను. సన్నటి గుంటలు గోరుకు తగిలాయి. తుప్పు తినేసిన ఆ గోడ మీద ఎన్ని కొత్త వాషర్లు వేసినా నిలవవు. సిలిండరే మార్చాను, అది ఇప్పటికీ ఉంది.

ఇక విడిగా చెబుతానన్న సంగతి. 2019లో ముందు డ్రమ్ములు గాట్లు పడ్డాయని లేత్ మీద టర్నింగ్ చేయించి, అంటే లోపలి గోడను కాస్త చెక్కించి, షూలకు కొత్త లైనర్లు (డ్రమ్ముకు ఒరుసుకునే పొరలు) కొట్టించాను. బిగించిన రోజు నుంచే పెడల్ స్పాంజిలా ఉంది. ఆ షెడ్డులో మూడుసార్లు ఎయిర్ తీశారు. గొట్టంలో ఒక్క బుడగ కూడా రావడం లేదు. "కొత్త లైనర్లు సార్, తిరిగితే సెట్ అవుతాయి" అన్నారు. కొత్త లైనర్లు సర్దుకోవడానికి కొన్నాళ్ళు పడుతుందన్నది నిజమే కాబట్టి నేనూ ఊరుకున్నాను. రెండు వారాలైనా మార్పు లేదు. ఒకరోజు ఆత్మకూరు బస్టాండు దగ్గర సైకిల్ మీద ఒక పిల్లవాడు అడ్డం వచ్చాడు. బండి ఆగింది, కానీ నేననుకున్న చోటు దాటాక ఆగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కావలిలో ఫియట్ బండ్లు మాత్రమే చూసే ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన వెంటనే ఆయిల్ డబ్బా తెరవలేదు. ముందు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు హోస్ పైపులనూ వేళ్ళతో వంచి పగుళ్ళు లేవని చూసుకుని, గుండ్రటి దవడలున్న క్లాంపులతో మూడింటినీ నొక్కి మూసేశారు. నన్ను తొక్కమన్నారు. పెడల్ అంగుళం కూడా కదల్లేదు. అంటే మాస్టర్ సిలిండర్‌లో తప్పు లేదు. వెనక క్లాంపు వదిలారు, కొద్దిగా దిగింది. ముందు ఎడమది వదిలారు, మరికొంత. కుడిది వదలగానే పాదం కింద ఏదో కరిగిపోయినట్టు పెడల్ దిగిపోయింది. "గాలి లేదబ్బయా, షూ వంగతా ఉండాది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. డ్రమ్ము విప్పి చూపించారు. రెండు వారాలు తిరిగిన లైనర్ మీద నడిమధ్యన రెండు వేళ్ళ వెడల్పు మాత్రమే నున్నగా మెరుస్తోంది, రెండు కొసలూ కొత్తవి కొత్తగానే ఉన్నాయి. టర్నింగ్ చేశాక డ్రమ్ము లోపలి కొలత పెరిగింది, షూ వంపు మాత్రం పాత కొలతదే. మధ్యలో మాత్రమే తగులుతోంది. బ్రేకు తొక్కినప్పుడల్లా ఆ ఇనుప షూ డ్రమ్ము వంపుకు తగ్గట్టు సాగబోతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ఆ స్ప్రింగు గుణమే పాదానికి స్పాంజిలా తెలుస్తోంది. ఎన్నిసార్లు ఎయిర్ తీసినా పోయేది కాదది.

ఆయన సుద్దముక్కతో డ్రమ్ము లోపల అంతా రాసి, బిగించి, బ్రేకు కొంచెం పట్టించి రెండుమూడు చుట్లు తిప్పి విప్పారు. లైనర్ మీద సుద్ద అంటిన చోట మాత్రమే గరుకు కాగితంతో రుద్దారు. మళ్ళీ సుద్ద, మళ్ళీ బిగింపు, మళ్ళీ విప్పడం. ఆరోసారికి సుద్ద ఈ కొస నుంచి ఆ కొస దాకా అంటింది. ఎడమ వైపూ అంతే చేశారు. మధ్యాహ్నం భోజనం కూడా వాయిదా వేసుకుని చేసిన పని అది. సాయంత్రం కావలి నుంచి నెల్లూరు వస్తుంటే నా పాదం కింద ఉన్నది వేరే బండి. ఇన్నేళ్ళ వాడకంలో ఈ కారు మీద నేను పెట్టించిన పనుల్లో అంత విలువైనది మరొకటి లేదు. లేత్ పనికి ఇచ్చేవాళ్ళు డ్రమ్ముతో పాటు షూలను కూడా ఇచ్చి, కొత్త కొలతకు లైనర్ వంపు సరిచేయమని అడగండి. డ్రమ్మును టర్నింగ్ చేయించుకుంటూ పోవడానికీ హద్దు ఉంది. పల్చబడితే అదే సాగడం మొదలుపెడుతుంది.

ఆ రుద్దే పని ఇంట్లో చేస్తే సన్నటి దుమ్మును ఆపే మంచి మాస్కు పెట్టుకోవాలి, ముక్కుకు గుడ్డ కడితే చాలదు. పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును నోటితో ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం మన షెడ్లలో రోజూ చూస్తాం. తడిగుడ్డతో తుడవాలి, అంతే.

మన వాతావరణం సంగతి కూడా చెప్పాలి. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, మిగతా ఏడాది సముద్రపు గాలి. ఇక్కడ ఆయిల్ త్వరగా పాడవుతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు అవి 230, 155. ఈ అంకెల అర్థం నాకు చిట్వేలి నుంచి రాపూరు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు తెలిసింది. ఐదుగురం ఉన్నాం, మూడో గేరులో బ్రేకు మీద కాలు పెట్టి దిగుతున్నాను. ఒక మలుపు దగ్గర పెడల్ ఏ అడ్డూ లేకుండా కిందికి పోయింది. రెండో గేరుకు తెచ్చి, హ్యాండ్‌బ్రేకు లాగి, కొండ వైపు అంచుకు చేర్చి ఆపాను. అరగంట చల్లారాక పెడల్ తనంతట తానే తిరిగొచ్చింది. చల్లారితే తిరిగి రావడమే గుర్తు, లోపల ఆయిల్ మరిగి ఆవిరైంది. ఇంటికొచ్చి తీస్తే ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. అప్పటి నుంచి ఏటా సంక్రాంతి అయ్యాక, వానలు వెనకబడ్డాక, డాట్ 4తో మొత్తం మారుస్తున్నాను. ఘాట్‌లో ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగుతాను.

సిలికాన్‌తో చేసిన డాట్ 5 తేమ పీల్చదని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. అది మామూలు ఆయిల్‌తో కలవదు, పెడల్ కూడా కాస్త మెత్తగా అనిపిస్తుంది. మన దగ్గర పాతది పూర్తిగా కడగకుండానే పోసేస్తారు కాబట్టి నేను ఆ జోలికి పోలేదు.

ఎయిర్ తీసేటప్పుడు మా అబ్బాయి పెడల్ దగ్గర కూర్చుంటాడు. వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మాస్టర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలు. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెడతాను, కాలు ఫ్లోరు దాకా పోకుండా. పాత మాస్టర్‌లో వాషర్ రోజూ తిరగని చోట తుప్పు ఉంటుంది. పెడల్‌ను అడుగుదాకా తొక్కితే వాషర్ ఆ తుప్పు మీదికెక్కి చిరిగిపోతుంది. ఎయిర్ తీయించాక రెండు రోజులకే మాస్టర్ పోయిందని చాలామంది చెప్పేది ఇందుకే అని నా నమ్మకం. గాలి వదిలే నిపిల్ పైవైపు ఉందా అని కూడా చూడండి. చక్రం దగ్గర షూలను నెట్టే వీల్ సిలిండర్‌ను తిరగేసి బిగిస్తే గాలి పైనే ఉండిపోతుంది. రబ్బరు భాగాలను కిరసనాయిలుతో, పెట్రోలుతో కడగనివ్వకండి, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ బండి రంగు మీద పడితే వెంటనే నీళ్ళు పోయండి.

స్పేర్ల విషయంలో పద్మినికి నేను మంచి మార్కులు వేయలేను. నెల్లూరు ఆటోనగర్‌లో దొరికేది తక్కువ, చాలావరకు చెన్నై జీపీ రోడ్డుకే వెళ్ళాలి. బొంబాయి టాక్సీలు తిరిగినన్నాళ్ళు అక్కడి నుంచైనా తెప్పించేవాళ్ళం. 2023 అక్టోబరుతో ఆ టాక్సీలూ ఆగిపోయాయి. ఎక్కడ కొన్నా కిట్ విప్పి వాషర్‌ను వేళ్ళ మధ్య మడిచి చూడండి. ఇరవై ఏళ్ళు అట్టపెట్టెలో పడున్న రబ్బరు కొత్తదైనా గట్టిపడి సన్నటి పగుళ్ళు చూపిస్తుంది. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు.

మైపాడు వైపు ఉప్పుగాలికి నా బండి ఇనుప బ్రేక్ పైపులు రెండుసార్లు మార్చాను. ఇప్పుడు ప్రతిసారీ రొయ్యల గుంటల నుంచి వచ్చాక కింద మంచినీళ్ళతో కడుగుతున్నాను.

కొనమంటారా అని అడిగితే, హైవే మీద లారీల మధ్య వంద మీద పోవాలనుకునే వాళ్ళకు వద్దనే చెబుతాను. అరవైలో, ముందు బండికి ఎడం ఇచ్చి నడిపే ఓపిక ఉన్నవాళ్ళకు, నెలకోసారి చక్రం దగ్గర కూర్చునే ఇష్టం ఉన్నవాళ్ళకు, సంతోషంగా కొనమంటాను. బండి తీసే ముందు ప్రతి ఉదయం పెడల్‌ను తేలిగ్గా నొక్కి పది అంకెలు లెక్కపెడతాను. దిగకపోతేనే గేటు తీస్తాను.

మొన్న ఆదివారం వెనక ఎడమ చక్రం విప్పి వీల్ సిలిండర్ రబ్బరు బూటును స్క్రూడ్రైవర్ కొసతో ఎత్తి చూస్తే లోపల తడి కనిపించింది. ఇంకా షూ మీదికి రాలేదు. చెన్నైలో కొత్త సిలిండర్‌కు చెప్పి పెట్టాను. అది వచ్చేదాకా కారు షెడ్డులోనే, నేను స్కూటర్ మీద.