ఎఫ్ఎం, కేబుల్ టీవీ యాడ్స్ ప్రొడక్షన్ ఛార్జీలు: 2016 నుంచి ఇస్తున్న మా షాపు అనుభవం

మాది రాజమండ్రిలో చీరల షాపండి. 2016 ఆషాఢం సేల్‌కి మొదటిసారి ఎఫ్ఎంలో యాడ్ ఇచ్చాం, అప్పట్నుంచి కరోనా టైమ్ తప్పితే ఆషాఢం, శ్రావణం, దసరా, సంక్రాంతికి ఎఫ్ఎంలోనూ లోకల్ కేబుల్లోనూ ఇస్తూనే ఉన్నాం. యాడ్ ఒక్కోసారి వేసినందుకు తీసుకునే స్పాట్ రేట్ల దగ్గర అందరం గట్టిగా బేరమాడతాం గానీ యాడ్ తయారుచేసినందుకు తీసుకునే డబ్బుల గురించి ఎవరూ అడగరు, కొత్తగా షాపు పెట్టినవాళ్లు నష్టపోయేది అక్కడే.

మొదటేడు స్పాట్లు కొంటే ప్రొడక్షన్ ఫ్రీ అన్నారు ఎఫ్ఎం వాళ్లు, సరే అన్నాం. తీరా చూస్తే అదే గొంతు, ఇంచుమించు అదే మ్యూజిక్ మా రోడ్డులోనే ఇంకో షాపు యాడ్‌కి కూడా. ఒకావిడ వచ్చి రేడియోలో పట్టుచీరలు సగం ధర అన్నారు కదా అనడిగింది, ఆ ఆఫర్ మాది కాదు, వాళ్లది! పోనీ ఆడియో ఫైల్ ఇవ్వండి, కేబుల్లో కూడా వాడుకుంటాం అంటే ఇవ్వలేదు. దాన్ని తప్పనను, డబ్బు కట్టలేదు కాబట్టి ఫైల్ మనది కాదు, అంతే.

తర్వాత సొంతంగా చేయించాం. 30 సెకన్లకి వాయిస్, మ్యూజిక్, మిక్సింగ్ కలిపి 4,500 అయింది. పాట రూపంలో జింగిల్ అయితే 22,000 చెప్పారు, సినిమా పాట ట్యూన్‌కి మాటలు మార్చి పాడిస్తే చవగ్గా అవుద్ది అని కూడా అన్నారు గానీ ఆ ట్యూన్ హక్కులు మ్యూజిక్ కంపెనీవి, రేపు నోటీసు వస్తే ఎవరు కడతారు, వద్దన్నాం. అసలు ఆ 4,500 సగం వేస్ట్ అయ్యింది మా వల్లే. స్క్రిప్ట్‌లో చీరల పేర్లన్నీ, రెండు ఫోన్ నంబర్లు, అడ్రస్ అంతా కుక్కేశాం, పాపం డబ్బింగ్ అమ్మాయి ఊపిరి తీసుకోకుండా చదివింది, నంబర్ ఒక్కటీ అర్థం కాలేదు. రెండోసారి నేనే ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివి చూశా, నిదానంగా చదివితే 30 సెకన్లలో 50 మాటలు దాటవండి. నంబర్లు తీసేసి షాపు పేరు రెండుసార్లు, తాడితోట గుర్తు ఒకసారి పెట్టాం. జాకెట్లు కుట్టే టైలర్ల దగ్గర పొద్దున్నుంచి రాత్రిదాకా ఎఫ్ఎం మోగుతూనే ఉంటుంది కదా, టైలర్ దగ్గర విన్నాం అని వచ్చినవాళ్లు ఆ ఏడాదే మొదలయ్యారు.

టీవీ యాడ్ 2019లో ఒక ఏజెన్సీతో తీయించాం, కెమెరా, లైట్లు, మోడల్, మేకప్, ఎడిటింగ్ అన్నీ కలిపి 38,000. ఎక్కువే అనిపించింది కానీ షూటింగ్ చూశాక అనిపించలేదు. ఉప్పాడ చీర జరీ మీద లైట్ పడగానే అంచు మొత్తం తెల్లగా వెలిగిపోయి డిజైనే కనపడట్లేదు, కెమెరా అబ్బాయి మా షాపులోదే పల్చటి మల్లు గుడ్డ అడిగి లైట్‌కి అడ్డం కట్టాడు, అప్పుడు బుటా బుటా విడిగా కనపడింది. అలాంటి పని తెలిసినవాళ్లకి ఎంతిచ్చినా తక్కువే.

బాధపడింది మాత్రం ఆ తర్వాత. ఆ ఏజెన్సీ వాళ్లు చివర్లో "ఆషాఢం" తీసి "శ్రావణం" పెట్టడానికి 9,000 అడిగారు, ఒక్క మాట, ఒక్క స్లైడ్! వేరేచోట చేయించుకుందాం అంటే మార్పులు చేయడానికి కావాల్సిన ఎడిటింగ్ ఫైల్ ఇవ్వం అన్నారు, సేల్ నాలుగు రోజుల్లో ఉంది, కట్టేశాం. తర్వాత తెలిసిన లాయర్‌ని అడిగితే డబ్బిచ్చి తీయించుకున్న వీడియోకి వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్ తీయించుకున్నవాళ్లదే, కాపీరైట్ చట్టం 17వ సెక్షన్లో ఉంది అన్నారు. ఆడియోకి ఆ వీలు లేదంట, రాయించుకోవాల్సిందే. ఎడిటింగ్ ఫైల్ కూడా ముందే కాగితం మీద లేకపోతే పండగ ముందు ఎవరితో పోట్లాడతాం.

ఇప్పుడు కొటేషన్ మీదే రాయించుకుంటున్నా: ఫైనల్ ఫైలు, ఎడిటింగ్ ఫైలు రెండూ మాకివ్వాలి, వాయిస్, మ్యూజిక్ విడివిడిగా ఇవ్వాలి, రేడియో, టీవీ, యూట్యూబ్ ఎక్కడైనా వాడుకోవచ్చు, ఎన్నేళ్లకో కూడా. ఏడాదికే అని కింద చిన్నగా రాస్తారు, చూసుకోండి. ప్రొడక్షన్ మీద కూడా జీఎస్టీ 18 శాతం ఉంటుంది, రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే ఇక్కడ కట్టిన టాక్స్‌ని మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు, కాంపోజిషన్‌లో, అంటే అమ్మకాల మీద తక్కువ శాతం టాక్స్ కట్టేసే పద్ధతిలో ఉన్న చిన్న షాపులకి రాదు, కాబట్టి వాళ్లు టాక్స్‌తో కలిపిన రేటే అడగాలి. బిల్లులో స్పాట్లు, ప్రొడక్షన్ విడివిడిగా చూపించమనండి, కలిపేస్తే దేనికెంతో ఎప్పటికీ తెలీదు.

కొత్త యాడ్‌లో మొదటి 25 సెకన్లు ఏ సీజన్‌కైనా పనికొచ్చేలా, ఆఖరి 5 సెకన్లు మాత్రమే మార్చుకునేలా తీయించా, మొన్న సంక్రాంతికి ఆ ముక్క మార్చడానికి అయింది 1,200, ఒక్కరోజులో ఇచ్చేశారు.